వెనక్కి నడిచిన పడవ

ఆవిరి బాబాయి దృష్టిలో లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలు. ఆవిరితో నడిచేవి ఒక రకం, ఆవిరితో నడిపితే బాగుపడేవి రెండో రకం. మూడో రకం కూడా ఉంటుందని ఎవరైనా అంటే, ఏదీ ఒకటి చెప్పండి అని కుర్చీ దగ్గరికి లాక్కునేవాడు. ఎదురింటి లెక్కల మాస్టారు ఓసారి బాగా ఆలోచించి దువ్వెన అన్నారు. అన్న పాపానికి ఆ సెలవురోజు మధ్యాహ్నమంతా బాబాయి వరండాలో కూర్చుని, ఆవిరి దువ్వెన ఎలా పనిచేస్తుందో ఆయన బొమ్మ గీసి చెబుతుంటే వినవలసి వచ్చింది. బొమ్మ పూర్తయ్యాక బాబాయి మాస్టారి తలవంక ఓసారి చూసి, మీకు చిన్న బాయిలరు సరిపోతుందిలెండి అన్నాడు. మాస్టారి తల మీద అప్పటికే దువ్వుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

వీధి మొత్తానికి ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని. ఆవిరి అనేది తర్వాత అతుక్కున్న బిరుదు. పిన్నికి మొదట్లో ఆ బిరుదంటే చిన్నతనంగా ఉండేది. తర్వాత్తర్వాత, కొత్తగా వచ్చిన పోస్టుమాను కూడా ఆవిరి బాబాయి గారిల్లు ఎక్కడని అడిగి ఉత్తరాలు ఇచ్చిపోతూంటే, తమ ఇంటిపేరే అదేమోనని తనకే అనుమానం వచ్చేది.

ఇంత పిచ్చి ఉన్న మనిషి రైల్వేలో పనిచేసి ఉంటాడని తెలియనివాళ్ళు అనుకునేవారు. చేయలేదు. చేయాలనే వెళ్ళాడు. కుర్రతనంలో ఇంజను డ్రైవరు ఉద్యోగానికి వెళితే, కంటిచూపు చాలదని తిప్పి పంపేశారు. ఆ కసితో ఆయన కళ్ళద్దాల పని నేర్చుకుని బజారు మొదట్లో దుకాణం పెట్టాడు. అన్ని కళ్ళద్దాల దుకాణాల్లోనూ గోడకి అక్షరాల అట్ట వేలాడుతుంది. బాబాయి దుకాణంలో ఇంజను బొమ్మ వేలాడేది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, చక్రాలు ఎన్నున్నాయో చెప్పమనేవాడు. చక్రాలు దాటినవాళ్ళని పొగగొట్టం దగ్గరికీ, అక్కణ్ణించి బాయిలరు మీది రివెట్ల దగ్గరికీ తీసుకువెళ్ళేవాడు. ఒక ముసలావిడ ఆ బొమ్మని కాసేపు చూసి, గేదె బాగుంది నాయనా అంది. బాబాయి ఆ పూట అన్నం తినలేదు. వారం తిరక్కుండా ఆవిడకి అద్దాలు తయారుచేసి, తెచ్చి కళ్ళకి పెట్టి, మళ్ళీ అదే బొమ్మ ముందు కూర్చోబెట్టాడు. అయ్యో, ఇది రైలింజను కదూ, పాపం గేదె అనేశాను అని ఆవిడ నొచ్చుకుంది. అప్పటికిగాని ఆయన మనసు కుదుటపడలేదు.

పనిలో మాత్రం ఆయన్ని వేలెత్తి చూపడానికి ఉండేది కాదు. అద్దం చట్రంలో వెంట్రుకవాసి పక్కకి కూర్చుందని అనుమానం వస్తే చాలు, అది పెట్టుకున్న మనిషిని వెతుక్కుంటూ వాళ్ళింటికే వెళ్ళేవాడు. పొరుగింటి తలుపు గడియ వంకరగా ఉందని, వాళ్ళు ఊళ్ళో లేని రోజు చూసి మరీ సరిచేసి వచ్చాడు. వాళ్ళు తిరిగొచ్చాక దొంగలు పడ్డారనుకుని బెంబేలెత్తిపోయారు.

పెళ్ళయిన కొత్తలో పిన్నిని తీసుకుని రైలు ప్రయాణం పెట్టుకున్నాడు. స్టేషను వచ్చినప్పుడల్లా, ఇప్పుడే వస్తానని దిగి ఇంజను దగ్గరికి పరుగెత్తేవాడు. ఒకచోట ఆయన రాకుండానే రైలు కదిలింది. పిన్ని కిటికీలోంచి ప్లాట్‌ఫారం పొడుగునా వెతికి, మొగుడు తప్పిపోయాడని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెట్టెలో వాళ్ళందరూ తలో మాటా చెప్పి ఓదార్చారు. తర్వాతి స్టేషనులో నల్లటి ముఖంతో, అంతకన్నా నల్లటి చొక్కాతో ఎవరో వచ్చి ఆవిడ పక్కన కూర్చోబోయాడు. పిన్ని చెయ్యి అడ్డంపెట్టి, అది మావారి సీటండీ అంది. ఆ మనిషి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆ పళ్ళు చూసి గుర్తుపట్టింది. డ్రైవరు ఆయన్ని ఇంజనులోకి ఎక్కించుకున్నాడట, పార చేతికిచ్చి బొగ్గు వేయనిచ్చాడట, ఈల తాడు కూడా ఓసారి లాగనిచ్చాడట. ఆ ఈల ఎలా ఉందో చెప్పమని ఆయన దారంతా అడిగాడు. ఏడుపులో పడి విననే లేదని చెప్పడానికి ఆవిడకి మనసు రాక, చాలా బాగుందని చెప్పింది.

ఇంట్లో కుక్కరు ఈల వేస్తే ఎవరూ మాట్లాడకూడదు. బాబాయి కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి వినేవాడు. పిన్నికి కోపం వచ్చినా ఆయనకి అదే వరస. ఆవిడ గిన్నెలు ఎత్తిపెట్టే చప్పుడు విని, ఒత్తిడి గీత దాటుతోందోయ్, కాస్త బయటికి వదిలెయ్ అనేవాడు. దాంతో ఉన్న ఒత్తిడి రెట్టింపయ్యేది.

పెరటి గదిలో ఆయనకో చిన్న లేతు మిషను, రాగి రేకులు, స్పిరిటు దీపాలు ఉండేవి. ఆదివారం వచ్చిందంటే రిటైరైన రైలు గార్డు గారు, గడియారాలు బాగుచేసే ఆయన అక్కడ చేరేవారు. బల్ల మీద గుండ్రంగా వేసిన పట్టాల మీద, బాబాయి సొంతంగా చేసిన బుల్లి ఇంజను స్పిరిటు వాసనా నూనె వాసనా కలిపి వదులుతూ తిరుగుతూ ఉండేది. ముగ్గురు పెద్దమనుషులూ గడ్డాలు బల్లకి ఆనించి, దానితోపాటే కళ్ళు తిప్పుతూ కూర్చునేవారు. పిన్ని కాఫీ తీసుకువెళితే గార్డు గారు చెయ్యి ఎత్తి ఆపి, బండి వెళ్ళేదాకా ఆగమ్మా అనేవారు.

ఇలాంటి మనిషికి దేవుడు ఏరికోరి తగిలించినట్టు, పిన్ని అన్నయ్య పడవ సరంగు.

అప్పట్లో ఊరి దగ్గర నదికి వంతెన లేదు. ఈ ఒడ్డునించి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించడానికి ఒక పెద్ద ఆవిరి పడవ ఉండేది. రెండు పక్కలా రెండు తెడ్ల చక్రాలు, ఒక్కోటి ఇంటి గోడంత ఎత్తు, నీళ్ళని దబదబా కొట్టుకుంటూ తిరిగేవి. ఆ పడవని నడిపేది ఆయనే. సరంగు గారు అంటే రెండు ఒడ్డుల్లోనూ పెద్ద పేరు. ఆయనదీ ఆవిరే కాబట్టి బావామరుదులకి తెగ పొసగాలి. పొసగలేదు. నీళ్ళని కాచి ఆవిరి చేసి, దాన్ని మళ్ళీ నీళ్ళలోనే వాడటం ఏమిటని బాబాయి వాదన. వండిన అన్నాన్ని మళ్ళీ నానబెట్టినట్టు ఉందనేవాడు.

"పట్టాలు పరిస్తేగాని దారి తెలియని దాన్ని నువ్వు బండి అంటున్నావు, బావా" అనేవారు సరంగు గారు.

"మీ పడవకి అసలు ఊరు చేరే ఉద్దేశం ఉందా బావా, లేకపోతే ఊరే దాని దగ్గరికి రావాలా?" అనేవాడు బాబాయి.

ఇద్దరూ కలిసిన చోటల్లా ఇదే గోల. చివరికి పిన్నివైపు తిరిగి, నువ్వు చెప్పు ఎవరిది రైటో అని నిలదీసేవారు. ఒకరు కట్టుకున్నవాడు, ఒకరు తోడబుట్టినవాడు. పిన్నికి పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చేది. బాబాయి పంతం ఎంతదాకా వెళ్ళిందంటే, అత్తవారింటికి వెళ్ళాలంటే పడవలో కాఫీ తాగినంతసేపట్లో దాటే నదికి, రైలెక్కి రెండు ఊళ్ళు చుట్టి, పొద్దుటినించి సాయంత్రం దాకా ప్రయాణం చేసి అవతలి ఒడ్డు చేరేవాడు. అంత కష్టపడి వచ్చిన ఆడపడుచు మొగుణ్ణి చూసి పిన్ని వదిన నవ్వలేక నవ్వు ఆపుకోలేక, ముందు నీళ్ళు తోడి స్నానానికి పంపేది.

తర్వాత వంతెన వచ్చింది. పడవ ఆగిపోయింది. కొన్నాళ్ళు ఒడ్డున కట్టేసి ఉంచి, ఆ తర్వాత ముక్కలు చేసి ఇనుము కింద అమ్మేశారు. బాబాయి గెలిచానని ఎగిరి గంతేస్తాడని అందరూ అనుకున్నారు. కాని ఆ వంతెన మీద నడిచిన రైళ్ళకి ఆవిరి ఇంజన్లు లేవు. వాటిని కూడా అప్పటికే షెడ్లకి తోలేశారు. బావామరుదులిద్దరి ఆవిరీ ఒకే కాలంలో చల్లారింది. ఆ ఏడాది ఇద్దరూ కలిసినప్పుడు వాదన ఎవరూ మొదలుపెట్టలేదు. ఆ నిశ్శబ్దానికి పిన్ని చెవులు గింగురుమన్నాయి. మరుసటేడు మళ్ళీ తేరుకుని, లేని రైలు గొప్పదా లేని పడవ గొప్పదా అని మొదలుపెట్టారు గాని.

ఇలా ఉండగా వదిన పోయింది. పిల్లలు లేని ఇల్లు. సరంగు గారు ఒక్కరే అయిపోయారు. పిన్ని వెళ్ళి అన్నయ్యని తీసుకొచ్చి మేడమీది గదిలో ఉంచుకుంది. కిటికీ పక్కన కుర్చీ వేసింది. ఆయన ఆ కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. పిలిస్తే భోజనానికి దిగేవారు, పెట్టింది తినేవారు, చెయ్యి కడుక్కుని మేడెక్కేవారు. మాట లేదు. డాక్టరు వచ్చి చూసి, ఒంట్లో ఏ జబ్బూ లేదు, మనసు దేనిమీదికైనా మళ్ళించండి అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మళ్ళించే మందు మాత్రం ఏ షాపులో దొరుకుతుందో చెప్పలేదు.

బాబాయి తనకు తెలిసిన పద్ధతిలో ప్రయత్నించాడు. కంచాల ముందు కూర్చుని పడవల్ని ఏడు తరాలు తవ్వి తిట్టాడు. సరంగు గారు తలెత్తలేదు. చివరికి ఒక రోజు, జన్మలో మొదటిసారి, ఎంతైనా పడవ కూడా మంచిదేలే బావా అన్నాడు. పిన్ని చేతిలో గరిట ఆగిపోయింది. సరంగు గారు మాత్రం ఆ మాటకీ పలకలేదు. బాబాయి అన్నం సగంలో వదిలి పెరటి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లేతు మిషను చప్పుడు వినిపిస్తుందేమోనని పిన్ని చాలాసేపు చూసింది. వినిపించలేదు.

ఆ వచ్చిన ఆదివారం బాబాయి స్నేహితులిద్దరినీ కూర్చోబెట్టి, తెడ్ల చక్రాల పడవ నమూనా ఒకటి కట్టబోతున్నానని ప్రకటించాడు. గడియారాల ఆయన నోట్లో కాఫీ మింగడం మర్చిపోయాడు. గార్డు గారు లేచి నిలబడి, ఇన్నాళ్ళ స్నేహాన్ని నీళ్ళపాలు చేశావు అని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. పిన్నికి ఆయన వెళ్ళిపోవడం చూసి నవ్వు రావలసింది. రాలేదు. అన్నయ్య పడవని ముక్కలు చేసి అమ్మేసిన బాధ పచ్చిగా ఉండగానే, ఈయన ఆ పడవతో ఆటలు మొదలుపెట్టడమేమిటని కడుపులో మండింది.

పైగా ఆ పని పెరటి గదిలో చేయలేదు. బల్లా సామానూ మోసుకొచ్చి వరండాలో, సరిగ్గా సరంగు గారి కిటికీ కింద పెట్టాడు. ఇక్కడెందుకండీ అంటే గాలి కోసమన్నాడు. రాగిరేకు మీద సుత్తి దెబ్బ పడినప్పుడల్లా ఆయన నోరు కూడా పనిచేసేది. పడవ ముక్కుని ఇంజను అనేవాడు. వెనక భాగాన్ని గార్డు పెట్టె అనేవాడు. చుక్కానిని బ్రేకు అనేవాడు. ఆ బ్రేకు ముందు పెట్టాలా వెనక పెట్టాలా అని తనలో తాను, వీధి చివరిదాకా వినిపించేంత గట్టిగా ఆలోచించుకునేవాడు. ఒక రోజు పైన కిటికీ తలుపు ధడాలుమంది. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. బాబాయి మాత్రం సుత్తి కింద పెట్టేసి ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"కిటికీ తనే మూశాడు కదూ? గాలికి కాదు కదూ?"

"తనే. మీ గోల భరించలేక."

బాబాయి ముఖం వెలిగిపోయింది. ఈయనకి వయసుతోపాటు మతి కూడా పోతోందని పిన్ని అనుకుంది.

వీధి చివర పార్కులో ఒక కొలను ఉంది. పడవ మొదటి ప్రయాణం అక్కడే. బాబాయి చెప్పకపోయినా వీధి వీధంతా వచ్చింది. స్పిరిటు దీపం వెలిగించాడు, రాగి బాయిలరు కూనిరాగం మొదలుపెట్టింది, తెడ్ల చక్రాలు కదిలాయి. పడవ వెనక్కి నడిచింది. ముక్కు జనంవైపు పెట్టి, పెద్దల ముందునించి వీపు చూపకుండా వెళ్ళే మనిషిలా, మర్యాదగా కొలను మధ్యదాకా వెళ్ళి ఆగిపోయింది. పార్కు తోటమాలి పొడుగాటి కర్రతో దాన్ని ఒడ్డుకి లాగాడు. రెండోసారి పొగగొట్టం మరీ ఎత్తయిపోయి పడవ పక్కకి ఒరిగి నిద్రపోయింది. మూడోసారి ఒక చక్రం పెద్దదీ ఒక చక్రం చిన్నదీ అయి, దీపం ఆరేదాకా ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఆ తర్వాత బాబాయి సంచీతో గేటు దగ్గర కనబడితే చాలు, తోటమాలి మొక్కలు వదిలేసి కర్ర కోసం వెళ్ళేవాడు.

జనం నవ్వారు. నవ్వితే పోయేది, మాటలు కూడా మొదలుపెట్టారు. ముందుకీ వెనక్కీ తేడా తెలియని మనిషి చేసిన అద్దాలు పెట్టుకుని రోడ్డు దాటొచ్చా అని బజార్లో ఎవరో అన్నారట. ఇద్దరు ముగ్గురు అద్దాలు తెచ్చి, మళ్ళీ ఒకసారి చూడండి అని బాబాయి చేతిలో పెట్టారట. అంత నిక్కచ్చి మనిషి, ఆ మాటకి పళ్ళూడగొట్టాల్సిన మనిషి, అలాగే అలాగే అని అద్దాలు తుడిచి ఇచ్చాడట. గడియారాల ఆయన ఈ సంగతి చెబుతుంటే పిన్నికి తల కొట్టేసినట్టయింది.

ఆ పూట భోజనాల దగ్గర బాబాయి పడవ సంగతి మళ్ళీ ఎత్తాడు. తన పనితనంలో ఏ లోపమూ లేదనీ, తను బాగా ఆలోచించి తేల్చిందేమిటంటే లోపం నీళ్ళలోనే ఉందనీ చెప్పాడు. సరంగు గారి చెయ్యి కంచంలో ఆగింది.

"నీళ్ళలో లోపమా?"

ఎన్నో నెలలకి ఆ గొంతు. పిన్ని గబుక్కున అన్నయ్యవైపు తిరిగింది. బాబాయి మాత్రం అదేమీ వింత కానట్టు, కూర కలుపుకుంటూనే ఉన్నాడు.

"అవును బావా. ఈ ఊరి నీళ్ళు మరీ పల్చగా ఉన్నాయి."

సరంగు గారి మెడ ముందు ఎర్రబడింది, తర్వాత చెవులు, తర్వాత ముఖం. అప్పుడు మొదలైన వాన చాలాసేపు కురిసింది. పడవ ముక్కుని ఇంజను అన్నందుకు, చుక్కానిని బ్రేకు అన్నందుకు, వరండాలో పాడుచేసిన ప్రతి రాగిరేకుకీ ఆయన విడివిడిగా తిట్టారు. తెడ్డు నీళ్ళని తోయాలి, తవ్వకూడదు అన్నారు. నువ్వు చేసింది పడవ కాదు, పొలం దున్నే నాగలి అన్నారు. తిడుతూ తిడుతూ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. ఆ సంగతి ఆయనకి తెలియలేదు గాని పిన్నికి తెలిసింది.

మర్నాడు సరంగు గారు కుర్చీ తీసుకుని వరండాలోకే దిగివచ్చారు. ఆ రోజునించి పొద్దుటే కాఫీ తాగి పడవ దగ్గర కూర్చోవడం, నిన్నటి పనిలో తప్పు పట్టుకోవడం, బాబాయిని చెడామడా తిట్టడం, ఆ తప్పు స్వయంగా దిద్దడం ఆయన దినచర్య అయిపోయింది. అన్నయ్య గొంతు ఇంట్లో మోగుతుంటే పిన్నికి ప్రాణం లేచివచ్చింది. ఒక్కటే చింత. చెప్పినా చెప్పినా బాబాయి రోజుకో కొత్త తప్పు చేసేవాడు. నిన్న సరిగ్గా ఉన్నది ఇవాళ వంకరగా ఉండేది. ఇంత బుర్రలేని మనిషితోనా ఇన్నేళ్ళు కాపురం చేశానని ఆవిడకి దిగులు పట్టుకుంది.

ఒక రోజు తెల్లవారుతూండగా పాలు తీసుకోవడానికి పిన్ని వీధి తలుపు తీసింది. బాబాయి అప్పటికే వరండాలో ఉన్నాడు. పడవని ఒళ్ళో పెట్టుకుని, దుకాణంలో అద్దాలు కొలిచే సన్నటి పనిముట్టుతో ఒక తెడ్డు రెక్కని కొలుస్తున్నాడు. అన్నయ్య నిన్న సాయంత్రం తీర్చిదిద్దిన రెక్క అది. కొలిచి, చిన్న పటకారుతో ఒక్క పిసరు వంచాడు. మళ్ళీ కొలిచాడు. తృప్తి కలగక ఇంకో పిసరు వంచాడు. తప్పు కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా చేస్తున్నాడు.

పిన్ని పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన తలెత్తి చూసి, దొరికిపోయిన దొంగలా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు. పైన వినబడుతుంది."

"ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వుతోందండీ. దుకాణానికి వచ్చేవాళ్ళు కూడా."

"నవ్వనీ. వాడు తిడుతున్నాడు కదా" అన్నాడు బాబాయి. "నిన్న నన్ను గాడిద అన్నాడు, విన్నావా? మీ వదిన పోయాక ఆ గొంతులో అంత బలం ఎప్పుడైనా విన్నావా?"

పిన్ని పాలగిన్నె కింద పెట్టింది. ఆయనే మళ్ళీ, పాపం తన కష్టం తనది కాబట్టి, చెప్పుకొచ్చాడు. మంచి పడవ చేయడం తనకి పెద్ద పని కాదట. బావకి అనుమానం రాకుండా చెడ్డ పడవ చేయడమే గగనంగా ఉందట. మరీ పెద్ద తప్పయితే నమ్మడు, మరీ చిన్నదయితే ఆ కళ్ళకి ఆనదు. రోజుకొకటి చొప్పున మధ్యరకం తప్పులు వెతకలేక తల పగిలిపోతోందట. నీకేమైనా తడితే చెప్పవోయ్ అని అడిగాడు.

పిన్ని ఆ పొద్దుట ఆయన కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది. ఎందుకు వేసిందో ఆవిడే చెప్పలేదు, ఆయన తాగేటప్పుడు గమనించనూ లేదు. వంచిన రెక్క అన్నయ్య కంట పడుతుందా లేదా అని ఇద్దరూ మెట్లవైపే చూస్తున్నారు.

పడింది. ఆ రోజు బాబాయికి గాడిద కన్నా పెద్ద బిరుదే దొరికింది.

ఎండలు తగ్గాక ఒక సాయంత్రం పడవ సిద్ధమైందని సరంగు గారే ప్రకటించారు. పడవని తనే రెండు చేతులా ఎత్తుకుని పార్కుకి నడిచారు. వెనక బాబాయి స్పిరిటు సీసాతో, ఆ వెనక పిన్ని, ఆ వెనక వీధి. తోటమాలి కర్ర పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గార్డు గారు కూడా వచ్చి, తాను ఏదో పనిమీద ఇటు వెళుతున్నట్టు కొంచెం ఎడంగా నిలబడ్డారు. సరంగు గారు మోకాళ్ళ మీద కూర్చుని పడవని నీళ్ళలోకి వదిలారు.

దబదబమని తెడ్లు నీళ్ళని కొట్టాయి. బుల్లి చప్పుడే గాని, నది చప్పుడే. పడవ నిటారుగా, గీత గీసినట్టు కొలనుకి అడ్డంగా సాగిపోయింది. నవ్వడానికి వచ్చినవాళ్ళు నోళ్ళు మూసుకుని వింటూ ఉండిపోయారు. ఒక పెద్దావిడ, తను కాలేజీకి వెళ్ళే రోజుల్లో పుస్తకాలు గుండెలకి హత్తుకుని ఆ చక్రం పక్కనే నిలబడేదాన్నని, తుంపర్లకి పుస్తకాలన్నీ ఉబ్బిపోయేవని పక్కనున్నవాళ్ళకి చెప్పింది. ఇంకొకాయన, తన పెళ్ళివాళ్ళందరినీ ఆ పడవే దాటించిందని, తను ఆలస్యంగా వస్తే సరంగు గారు ఒడ్డునించి కదిలిన పడవని వెనక్కి తెచ్చారని చెప్పాడు. ఒక్కొక్కరే సరంగు గారి చుట్టూ చేరారు. ఆయన అందరికీ జవాబు చెబుతూ, ఎవరు ఏ ఒడ్డువాళ్ళో గుర్తు చేసుకుంటూ, చీకటి పడేదాకా అక్కడే ఉండిపోయారు. పడవ అవతలి ఒడ్డు చేరి ఎప్పుడో ఆగింది. కర్రతో లాగే పని లేక తోటమాలి చుట్టూ తిరిగి వెళ్ళి, దాన్ని చేత్తో మోసుకొచ్చి ఇచ్చాడు.

మర్నాడు పిన్ని మేడమీద బట్టలు ఆరేస్తూంటే సరంగు గారు వచ్చి కుర్చీ వేసుకున్నారు. కుర్చీ ఇప్పుడు వీధివైపు తిరిగి ఉంది. నీ పడవ ఎంత బాగా నడిచిందో అన్నయ్యా అని పిన్ని మురిసిపోయింది. అంత చవట పనివాణ్ణి పెట్టుకుని కూడా ఇంత బాగా చేశావని, మొగుడికి అన్యాయం చేస్తున్నట్టు లోపల గుచ్చుకుంటున్నా, ఒక అబద్ధం కూడా కలిపింది.

సరంగు గారు ఆవిడవంక చూసి నవ్వారు.

"ఆ బాయిలరు చూశావా అమ్మాయ్? అతుకు ఎక్కడుందో నా కళ్ళకి కనబడలేదు. అలాంటి బాయిలరు చేసినవాడు చక్రం తిరగేసి బిగిస్తాడా?"

పిన్ని చేతిలో తడి దుప్పటి జారి పిట్టగోడ మీద పడింది.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు మరి?"

"తెలిసిందని చెబితే మానేస్తాడు. నాకోసం అంత అవస్థ పడుతున్న మనిషిని మానెయ్యమని ఎలా చెప్పను?"

అదొక్కటే కాదట. పడవ అయిపోతే బావకి ఏమీ తోచదని సరంగు గారికి పది రోజులుగా బెంగగా ఉందట. పాపం ఇంజన్లని అంత ప్రేమించిన మనిషి, తన కోసం వాటిని పక్కన పెట్టేసి, స్నేహితుడితో మాటలు పోగొట్టుకుని నీళ్ళలో దిగాడు. అందుకని తను కూడా ఒక ఏర్పాటు చేశానన్నారు. ఏమిటది అంటే, భోజనాల దగ్గర చూడు అన్నారు.

ఆ పూట కంచాల ముందు కూర్చోగానే సరంగు గారు గొంతు సవరించుకున్నారు. తనకి ఎప్పటినించో ఒక అనుమానం ఉందనీ, రైలింజనులో బొగ్గు మండుతుంది కదా, మధ్యలో ఆ నీళ్ళూ ఆవిరీ అంతా దండగ కదా, మంటనే నేరుగా చక్రాలకి తగిలిస్తే సరిపోయేది కదా అని అడిగారు. ముఖం పసివాడి ముఖంలా పెట్టుకున్నారు.

బాబాయి ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆయన కళ్ళద్దాలు వాటంతటవే మసకబారాయి. ఇన్నేళ్ళుగా ఇంత అజ్ఞానంతో ఎలా బతికావు బావా అని మొదలుపెట్టి, గరిటని పిస్టను చేసి, ఉప్పు గిన్నెని సిలిండరు చేసి చెప్పడం సాగించాడు. సరంగు గారు మధ్యమధ్య తలాడిస్తూ, అర్థమైనట్టే అయి, సరిగ్గా మధ్యరకం తప్పు ప్రశ్న ఒకటి వేసేవారు. బాబాయి జుట్టు పీక్కుని మళ్ళీ మొదటికి వచ్చేవాడు. బావకి తెలియదని బాబాయి అనుకుంటున్న సంగతి ఆ బావకి తెలుసు. ఆ బావ ఆడుతున్న నాటకం బాబాయికి తెలియదు. అంతా తెలిసి మధ్యలో గిన్నె పట్టుకుని నిలబడింది పిన్ని ఒక్కతే.

వాదన ముదిరింది. ఇద్దరూ ఒకేసారి ఆవిడవైపు తిరిగారు. నువ్వు చెప్పవోయ్ అని బాబాయి, నువ్వు చెప్పమ్మాయ్ అని సరంగు గారు. పొయ్యి మీద ఏమీ మాడటం లేదు. పొయ్యి ఎప్పుడో ఆర్పేసింది.

పిన్ని గిన్నె కింద పెట్టి, కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చుంది. ఆవిరి సంగతి రైల్వేవాళ్ళకి కూడా పాఠం చెప్పగలిగినంత తెలిసిన మనిషి, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, అమాయకంగా అడిగింది.

"నాకు తెలియక అడుగుతాను, ఇంతకీ ఆవిరంటే పొగేనా?"

 బావామరుదులిద్దరూ, బహుశా జన్మలో మొదటిసారి, ఒకే మాట ఒకే గొంతుతో మొదలుపెట్టారు. కాదంటే కాదన్నారు. ఒకరు కుడివైపునించి, ఒకరు ఎడమవైపునించి ఆవిడకి ఆవిరంటే ఏమిటో వివరించసాగారు. ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందించారు. అన్నాలు చల్లారిపోయాయి. పిన్ని బుగ్గన చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విని, మరి పొగంటే ఏమిటి అని అడిగింది.